ఒత్తు

పాస్టరు ఫోన్ చేసినప్పుడు నేను
కీల్పాక్ శ్మశానం రోడ్డులో, రేకుల షెడ్డు కింద
ఎవరో హెడ్మాస్టరుగారి పుట్టిన తేదీ చెక్కుతున్నాను.
చిన్న పనే పెంచలయ్యా, అన్నాడు. ఒక్క అక్షరం.

వేపేరిలో రైలుకట్ట వెనక చర్చి.
ఎడమ గోడకి పాలరాతి పలక,
ఆరు పేర్లు, సీసం దిగ్గొట్టిన అక్షరాలు.
విమానం పులికాట్ అవతల సముద్రంలో పడిందట,
నలభై మూడులో, ఐప్పసి వానల్లో.
ఇద్దరు ఒడ్డుకొచ్చారు, బతికి కాదు.
మిగతా నలుగురికీ నేలమీద జానెడు చోటు లేదు
ఈ రాతిమీద తలా ఒక వరస తప్ప.

న్యూజిలాండ్ నుంచి ఉత్తరమొచ్చింది.
ఎనభై ఎనిమిదేళ్ల చెల్లెలు రాసింది:
మనవడు ఫోన్లో ఫొటో చూపించాడు.
మా ఇంటిపేరులో రెండు 'ఎల్'లుంటాయి.
మీ గోడమీద ఒకటే ఉంది.
తప్పు పట్టడం లేదు. వీలైతే చూడండి.

హల్లం.
పాస్టరు చదివి వినిపిస్తుంటే నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
హల్లంలో ఒక హల్లు తక్కువ.

నాకు తెలీని సంగతా.
మాది రాపూరు పక్క. కోనలో స్వామి పేరు పెట్టారు.
ఇక్కడ రేషన్ కార్డు నన్ను పెంజిలయ్య అంది,
ఓటరు కార్డు బెంజలయ్య అంది,
ఆధార్‌లో అయ్య ఊడిపోయి పెంచల్ మిగిలాను.
మా ఆవిడ మాత్రం ఇప్పటికీ "ఏమయ్యా" అనే పిలుస్తుంది,
ఆ ఊడిపోయిన అయ్య
తన కొంగున ముడేసుకున్నట్టు.

రాతిమీద తప్పు తుడిస్తే పోదు.
చుట్టూ ఉన్న రాయంతా ఆ లోతుకి దించాలి,
అప్పుడు పైవాడి పేరూ కిందివాడి పేరూ అరిగిపోతాయి.
కొత్త పలకే వేయిద్దామన్నారు కమిటీలో ఒకరు.
లెక్క చెప్పాను. గమ్మునైపోయారు.

సందు కొలిచాను. 'ఎల్'కీ పక్కనున్న 'ఎ'కీ మధ్య
గోరు దూరదు.
కింది వరసకి మాత్రం వేలెడు ఎడముంది.

బెంచీ మీద కూర్చుండిపోయాను.
పేర్లన్నీ కూడబలుక్కుని చదివాను.
రేడియో చూసేవాడొకడు, తుపాకి దగ్గర కూర్చునేవాడొకడు.
ఇరవైరెండు, ఇరవై, పంతొమ్మిది.
పంతొమ్మిదేళ్లప్పుడు నాకు
ఉలి పట్టుకోవడమే సరిగ్గా రాదు,
దెబ్బ వేలిమీదే పడేది.

సుద్దముక్కతో గచ్చుమీద తెలుగులో రాసి చూశాను.
హ. పక్కన ల. ఆ ల కింద ఇంకో ల. సున్నా.
మనకి రెండో హల్లు పక్కన జాగా అడగదు.
మొదటిదాని కింద దూరి కూర్చుంటుంది,
వానలో అన్న గొంగళి కింద
దూరిన చెల్లెల్లాగా.

పాస్టరుని అడగలేదు.
అన్నిటికంటే సన్న ఉలి తీసి,
సుత్తి పక్కనపెట్టి అరచేత్తో తడుతూ
ఆ 'ఎల్' పాదం కింద
చీమంత 'ఎల్' చెక్కాను.
సీసం తీగ తుంచి అందులో కూర్చోబెట్టాను.
నీళ్లగుడ్డతో తుడిస్తే మెరిసింది,
పక్కవన్నీ మసకగానే ఉన్నాయి.

ఆయన కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.
ఇదేం స్పెల్లింగయ్యా?
మా స్పెల్లింగు సార్. ఒత్తు అంటాం.
ఆయన తమిళాయన. ఆయన భాషలో జంట అక్షరాలు
పక్కపక్కనే నిలబడతాయి, మొదటిదాని నెత్తిన చుక్కతో.
గోడకేసి చాలాసేపు చూశాడు.
ఏమనుకున్నాడో, ఫొటో తీసి ఆమెకి పంపాడు.

కూలి ఆరొందలు.
రశీదులో గుమాస్తా పేరు రాయబోతుంటే
కలం నేనే తీసుకున్నాను.

జవాబింకా రాలేదు. అక్కడిప్పుడు రాత్రేమో.
హెడ్మాస్టరుగారి తేదీ సగంలో ఉంది,
నెల చెక్కాలి.